డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు

ఉద్యోగకాలంలో మనం నోటు పెట్టేటప్పుడు పాత జీ.ఓ. నెంబరు ఉదహరించేవాళ్లం. శాస్త్రజ్ఞులకూ అదే ఆనవాయితీ. ఎవరి పరిశోధన తమకు ఆధారమో వారి పేరు తమ వ్యాసంలో పేర్కొంటారు. అలా వేలసార్లు ఉదహరింపబడిన పేరు 1895లో భీమవరంలో జన్మించిన సుబ్బారావు గారిది.

మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. స్ప్రూ అనే పేగుల జబ్బు అన్నగారిని బలితీసుకుంది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టారు. అమెరికా చేరి, 1925లో హార్వర్డులో ఫిస్కే గారితో కలిసి, రక్తంలో భాస్వరం ఎంత ఉన్నదో రంగును బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ప్రయోగశాలలు ఆ ఇద్దరి పేరుతోనే దాన్ని వాడాయి. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లను వారు కనుగొన్నదీ ఆ పరిశోధనల్లోనే. అయినా హార్వర్డులో స్థిరమైన ఉద్యోగం దొరకలేదు.

1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన ఆధ్వర్యంలో 1945లో ఫోలిక్ ఆమ్లం తయారైంది. అన్నగారిని పొట్టన పెట్టుకున్న స్ప్రూకు అదే మందయింది. బోదకాలు మందు హెట్రజాన్, ఆరియోమైసిన్ కూడా అక్కడివే. కీళ్లవాతానికి మా ఇంటావిడ వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ సైతం ఆ బృందం చలవే. ఈ సంగతి నాకు తెలిసింది రిటైరయ్యాకనే!

1948లో, 53వ ఏట కన్నుమూశారు. నోబెల్ రాలేదు. 1995లో మన తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్ల విడుదల చేసింది. మందు డబ్బా మీద ఆయన పేరు ఉండదు. మనవలకు చెప్పవలసింది మనమే.