రద్దైన ఉపన్యాసం

కంపైలర్ డిజైన్ క్లాసులో గ్రామర్ రాసీ రాసీ విసుగొచ్చింది. అసలు మనుషుల భాషలకి గ్రామర్ ఎవరు రాస్తారో చూద్దామని వెతికితే మూలూద్ మమ్మేరి గురించి తెలిసింది.

ఆయన 1917లో అల్జీరియా కొండల్లో, తావురిర్త్ మిమూన్ అనే ఊళ్లో పుట్టారు. వాళ్లు అమాజిగ్‌లు, అంటే అరబ్బులు రాకముందు నుంచీ ఉత్తర ఆఫ్రికాలో ఉన్నవాళ్లు. ఇంట్లో మాట్లాడేది కబైల్ భాష. అప్పుడు దేశం ఫ్రాన్స్ చేతిలో ఉంది కాబట్టి బడిలో ఫ్రెంచ్. పదకొండేళ్లప్పుడు మొరాకోలో బాబాయి దగ్గరికి పంపిస్తే అక్కడా ఫ్రెంచ్ చదువే. నవలలు కూడా ఫ్రెంచ్‌లోనే రాశారు. మొదటిది 1952లో వచ్చింది. స్వాతంత్ర్య యుద్ధం జరుగుతుండగా 1957లో మళ్లీ మొరాకో వెళ్లిపోవాల్సి వచ్చింది.

ఇంగ్లిష్ మీడియం వాణ్ణి కదా, ఇంతవరకు నాకేం వింతగా అనిపించలేదు. ఆ తర్వాత చేసిందే వేరు. 1962లో స్వాతంత్ర్యం వచ్చాక కొత్త ప్రభుత్వం అరబిక్ ఒక్కటే చాలంది. ఈయనేమో జనం నోట్లో మిగిలిన పద్యాలు పోగుచేశారు. సి మొహంద్ అనే దేశదిమ్మరి కవి పద్యాల్ని 1969లో పుస్తకంగా వేశారు. 1976లో తన భాషకి వ్యాకరణం రాశారు, అదీ ఆ భాషలోనే. దానికోసం వ్యాకరణంలో వాడే మాటలు చాలావరకు కొత్తగా పుట్టించాల్సి వచ్చింది.

ఇది చదివి కాసేపు ఆగిపోయాను. విశేషణం అంటే యాడ్‌జెక్టివా, యాడ్‌వర్బా? అమ్మని అడిగి తెలుసుకున్నా. వాళ్లు లేని మాటల్ని తయారు చేసుకున్నారు. నాకు ఉన్నవే తెలీవు.

1980 మార్చి 10న తిజి ఊజూ యూనివర్సిటీలో పాత కబైల్ కవిత్వం మీద ఆయన మాట్లాడాలి. అధికారులు రద్దు చేశారు. పద్యాల గురించి చెప్తే ఏం కొంప మునుగుతుందో! కానీ నిజంగానే మునిగింది. మర్నాడే స్టూడెంట్స్ రోడ్డెక్కారు, తర్వాత క్యాంపస్‌ని ఆక్రమించారు. ఏప్రిల్ 20న తెల్లవారకముందే పోలీసులు క్యాంపస్ లోపలికి వచ్చి కొట్టారు, వందల మందిని పట్టుకున్నారు. అమాజిగ్‌లు దాన్ని బెర్బర్ వసంతం అంటూ ఇప్పటికీ ఏటా తలుచుకుంటారు.

1989 ఫిబ్రవరిలో మొరాకోలో ఒక సదస్సుకి వెళ్లి తిరిగొస్తూ కారు ప్రమాదంలో ఆయన చనిపోయారు. ఆయన భాషకి అల్జీరియాలో అధికార హోదా 2016లో గానీ రాలేదు. తిజి ఊజూ యూనివర్సిటీకి ఇప్పుడు ఆయన పేరే ఉంది.