ఇనుప పిచ్చి దొర జాన్ విల్కిన్సన్

జేమ్స్ వాట్ అనగానే మన తరం వారందరికీ చిన్ననాటి వాచకంలోని మరిగే నీళ్ల గిన్నె, ఎగిరిపడే మూత గుర్తుకు వస్తాయి. కాని ఆ వాట్ గారి ఇంజనుకు సిలిండరు కోసి ఇచ్చిన మనిషి పేరు నేను చదివిన ఏ వాచకంలోనూ కనబడలేదు. ఉద్యోగంలో చేరి, ట్రైనింగు ముగించుకుని, హారిజాంటల్ బోరింగ్ మెషిను మీద నిలబడిన చాలా ఏళ్లకు గాని నాకూ తెలియలేదు. ఆయన పేరు జాన్ విల్కిన్సన్. 1728లో పుట్టి 1808లో కాలం చేశాడు. మన సభ్యుల్లో మెషిన్ షాపు వాళ్లతో పాటు ఆఫీసు వాళ్లూ ఉన్నారు. ఇళ్లలో ఈ పత్రిక చదివే వారూ ఉన్నారు. వారందరికీ కూడా తెలిసేలా ఆయన సంగతి నాలుగు మాటల్లో చెబుతాను.

ఇంగ్లండు ఉత్తరాన కంబర్లాండు ప్రాంతంలో లిటిల్ క్లిఫ్టన్ అనే పల్లె ఆయన పుట్టిన ఊరు. తండ్రి ఐజాక్ కొలిమి దగ్గర ఇనుప పాత్రలు పోతపోసే పనివాడు. తెలివైనవాడే గాని ఒక చోట నిలకడ లేదు, ఎవరితోనూ పొసిగేది కాదు. ఈ గుణం కొడుకులకూ వచ్చిందని ముందు ముందు తెలుస్తుంది. ఆ కుటుంబం రాజు గారి చర్చికి చెందినది కాదు. అటువంటి వారి పిల్లలకు పెద్ద విశ్వవిద్యాలయాల్లో చోటు దొరకని రోజులవి. అందుచేత జాన్‌ను కెండల్ పట్టణంలో అలాంటి వారి కోసమే నడుస్తున్న ఒక విద్యాలయంలో చేర్చారు. ఆ తర్వాత లివర్‌పూల్‌లో ఒక వర్తకుడి దగ్గర ఐదేళ్లు అప్రెంటిసుగా పంపారు. కొలిమి పని పుట్టుకతో, జమాఖర్చుల పని శిక్షణతో అబ్బాయి. రెండూ ఒక మనిషికి తెలియడం అరుదు. షాపులో మెషిను తెలిసినవాడికి కాస్టింగ్ ఖరీదు తెలియదు, ఖరీదు కట్టేవాడికి మెషిను తెలియదు. మన సర్వీసంతా ఇది చూసినదే కదా.

1753లో ఐజాక్ వేల్స్ ప్రాంతంలో రెక్స్‌హామ్ దగ్గరి బెర్షమ్ కొలిమిని తీసుకున్నాడు. జాన్ 1755లో పెళ్లి చేసుకున్నాడు. మరుసటి ఏడే భార్య ఆన్ ఒక ఆడపిల్లను కని చనిపోయింది. ఆ కూతురు కూడా పెరిగి పెద్దదై, తండ్రి కన్నా ముందే పోయింది. 1757లో కొందరు భాగస్థులతో కలిసి ష్రాప్‌షైరులోని విల్లీలో కొలిమి పెట్టాడు. 1763లో చేసుకున్న రెండో భార్య మేరీ లీ కలిగినింటి స్త్రీ, ఆమె డబ్బు వ్యాపారానికి అక్కరకు వచ్చింది. ఆ రోజుల్లోనే తండ్రి వ్యాపారం దెబ్బతినగా బెర్షమ్ కూడా కొడుకుల చేతికి వచ్చింది. తర్వాత బిల్‌స్టన్ దగ్గర బ్రాడ్లీలో మరో పెద్ద కార్ఖానా వెలసింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఆ కాలంలో ఫిరంగి గొట్టాన్ని లోపల మట్టి కోర్ పెట్టి, బోలుగా పోతపోసేవారు. ఇనుము కరిగి పోసేటప్పుడు కోర్ కాస్త పక్కకు జరిగితే ఒక వైపు గోడ మందం, ఇంకో వైపు పల్చన అయ్యేది. పైగా లోపలి ముఖంలో గాలి బుడగలు, తేనెపట్టులా గుంటలు. యుద్ధంలో మందు అంటించినప్పుడు ఫిరంగి శత్రువు వైపు కాక, తన పక్కన నిలబడ్డ సిపాయి వైపే పేలేది. విల్కిన్సన్ ఫిరంగిని గట్టి దిమ్మగా పోసి, తర్వాత బెజ్జం వేయించాడు. 1774లో దీనికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఆయన పద్ధతిలో తిరిగేది టూలు కాదు, జాబే. నీటి చక్రంతో ఫిరంగి దిమ్మను తన ఇరుసు మీద తిప్పుతూ, తిరగని బార్‌ను మెల్లగా లోపలికి నెట్టేవారు. లోతైన బెజ్జాలు వేసినవారికి ఇందులోని కిటుకు వెంటనే అర్థమవుతుంది. టూలు తిరిగితే బెజ్జం దారి తప్పి ఎటో వంకరగా పోతుంది. జాబు తిరిగితే బెజ్జం ఇరుసు వెంటే ఉంటుంది.

ఇది మొదట కనిపెట్టింది ఆయనేనా అంటే, కాదనే చెప్పాలి. మారిట్జ్ అనే స్విట్జర్లాండు వాడు అంతకు చాలా ముందే కంచు ఫిరంగులను గట్టిగా పోసి బెజ్జం వేశాడు. ఇంగ్లండులోనే వూలిచ్ ప్రభుత్వ ఫిరంగుల కార్ఖానాలో అటువంటి యంత్రం 1770ల మొదట్లోనే నడిచింది. సర్కారుకు కూడా ఒకే మనిషి చేతిలో ఫిరంగుల పని పెట్టడం ఇష్టం లేకపోయింది. 1779లో ఆ పేటెంటు కొట్టివేశారు. నా మటుకు నాకు అది న్యాయమే అనిపిస్తుంది. విల్కిన్సన్ గొప్పతనం ఫిరంగిలో లేదు, సిలిండరులో ఉంది.

వాట్ గారికి 1765లో ఆలోచన వచ్చింది, 1769లో పేటెంటు వచ్చింది. ఇంజను మాత్రం రాలేదు. ఎందుకో చెప్పుకోవాలి. అంతకు ముందున్న న్యూకొమెన్ ఇంజనులో పిస్టను మీద నీళ్లు నిలవగట్టి ఉంచేవారు. సిలిండరు కొంచెం వంకరగా ఉన్నా ఆ నీళ్లే సందులు మూసేవి. వాట్ ఇంజనులో సిలిండరును ఎప్పుడూ వేడిగా ఉంచాలి. నీళ్లు పోస్తే చల్లబడిపోతుంది, చేసిన ఆదా అంతా పోతుంది. అంటే పిస్టనుకూ సిలిండరుకూ మధ్య సందు ఉండకూడదు. అప్పటికి దొరికే సిలిండర్లలో గుండ్రన అన్నది పేరుకే. స్కాట్లండులో కిన్నీల్ దగ్గర కట్టిన మొదటి ఇంజనుకు వాట్ బెండు, నూనె గుడ్డలు, నార, పాత టోపీలు, కాగితం, ఏది దొరికితే అది కూరి చూశాడు. ఆవిరి కారుతూనే ఉంది. ఆ కాలపు మహా ఇంజనీరు స్మీటన్ కూడా, ఆలోచన బాగుంది గాని దీన్ని ఇంత నిక్కచ్చిగా తయారుచేసే పనిముట్లు గాని పనివాళ్లు గాని లేరని తేల్చేశాడు. వాట్‌కు పెట్టుబడి పెట్టిన రీబక్ దివాలా తీశాడు. ఆయన వాటా బర్మింగ్‌హామ్‌లోని బోల్టన్‌కు చేరింది. 1774లో వాట్ కూడా తన ఇంజనును వెంటబెట్టుకుని బర్మింగ్‌హామ్ చేరాడు.

అప్పటి బోరింగ్ యంత్రంలో లోపం ఇదీ. స్మీటన్ గారే కారన్ కార్ఖానాకు తయారుచేసి ఇచ్చిన యంత్రంలో బార్‌కు ఒక కొసనే ఆధారం, రెండో కొసన కట్టరు తల గాలిలో వేలాడుతూ ఉంటుంది. బరువుకు అది కిందికి వాలుతుంది. వాలకుండా ఉండడానికి సిలిండరు అడుగునే ఒక చిన్న బండి పరుగెత్తించి, దాని మీద ఆ తలను మోయించాడు. కాని సిలిండరు అడుగు అప్పటికింకా కోయని పోత ముఖం. బండి ఎత్తుపల్లాల మీద ఎలా పోతే కట్టరు అలా పోతుంది. ఉన్న వంకరను సరిచేయవలసింది పోయి, ఆ వంకరనే కాపీ చేస్తుంది.

బోరింగ్ బార్ బయటికి ఎంత పొడుగుంటే అంత ప్రమాదమని మన షాపులో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా మొదటి వారమే చెబుతాం. పొడుగు రెట్టింపైతే, అదే కోత బలానికి వంగడం ఎనిమిది రెట్లవుతుంది. నేను టర్బయిను కేసింగుల మీద పనిచేసిన రోజుల్లో, సెట్టింగుకే ఒక షిఫ్టు పోయేది. బార్‌ను అవతలి కొసన స్టెడీలో కూర్చోబెట్టి, డయల్ పెట్టి, సూది కదలకుండా నిలబడేదాకా ఫోర్‌మన్ గారు కట్ మొదలుపెట్టనిచ్చేవారు కాదు. ఆ రెండో కొస ఆధారం ఎవరి ఆలోచనో అప్పుడు నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

విల్కిన్సన్ చేసింది అదే. ఈసారి ఫిరంగి పద్ధతిని తిరగేశాడు. సిలిండరు రెండు వైపులా తెరిచి ఉంటుంది కనుక, దాన్ని కదలకుండా గట్టిగా బిగించాడు. దాని గుండా ఒక లావుపాటి బార్‌ను ఇటు నుంచి అటు దూర్చి, రెండు కొసలనూ బేరింగులలో కూర్చోబెట్టాడు. బార్ తిరుగుతుంది, కట్టరు తల దాని మీదనే జరుగుతూ పోతుంది. బార్ లోపల బోలు. అందులో నుంచి వచ్చే ఊచ తలను ముందుకు నడిపిస్తుంది. ఇక కట్టరుకు దారి చూపేది పోత ముఖం కాదు, తిన్నని బార్. సిలిండరు ఎంత వంకరగా పోతపోసినా, కోసిన బెజ్జం బార్ ఎంత తిన్నగా ఉంటే అంత తిన్నగా వస్తుంది. ఇంత పెద్ద సంగతికి ఇంత చిన్న మార్పా అని ఇప్పుడు అనిపిస్తుంది.

1775లో విల్కిన్సన్ పంపిన 18 అంగుళాల సిలిండరును పాత కిన్నీల్ ఇంజనుకు బిగించారు. ఆరేళ్లుగా సతాయించిన ఇంజను నడిచింది. 1776లో అమ్మకానికి కట్టిన మొదటి రెండు పెద్ద ఇంజనులు లేచాయి. ఒకటి టిప్టన్ దగ్గర బ్లూమ్‌ఫీల్డ్ బొగ్గు గనిలో నీళ్లు తోడేందుకు, 50 అంగుళాలది. రెండోది 38 అంగుళాలది, విల్కిన్సన్ తన సొంత కొలిమికి గాలి ఊదడానికే పెట్టించుకున్నాడు. తాను చేసిన సరుకు మీద తనకు నమ్మకం ఉందన్నమాట. ఆ 50 అంగుళాల సిలిండరులో ఎక్కడ కొలిచినా తేడా పాత షిల్లింగు నాణెం మందానికి మించదని బోల్టన్ సంబరపడుతూ రాసుకున్నాడు. అంటే మిల్లీమీటరు అటూ ఇటూ అనుకోవచ్చు. 1270 మిల్లీమీటర్ల జాబు మీద అంత తేడాతో ఈనాడు ఇన్‌స్పెక్షనుకు పంపితే రిజెక్టు చీటీ అంటించి తిప్పి పంపుతారు. కాని మైక్రోమీటరు లేని, నీటి చక్రంతో నడిచే, పోత ఇనుపదో కాదో తప్ప ఇంకే మెటీరియల్ పరీక్షా తెలియని కాలంలో అది ఎంతటి పనో మెషిను మీద నిలబడినవారికే తెలుస్తుంది.

అది మొదలు ఇరవై ఏళ్ల పాటు బోల్టన్, వాట్‌ల ఇంజనుల సిలిండర్లు దాదాపు అన్నీ విల్కిన్సన్ దగ్గరే తయారయ్యాయి. ఇంజను పేరు వాట్‌ది, పెట్టుబడి బోల్టన్‌ది, బెజ్జం విల్కిన్సన్‌ది.

మిగతావి త్వరగా చెబుతాను. సెవర్న్ నది మీద 1779లో నిలిచిన ఇనుప వంతెనకు మొదట్లో ముందు నిలిచినవారిలో ఆయన ఒకడు. మధ్యలో వాటాలు అమ్మేసుకున్నాడు, కట్టిన ఖ్యాతి అబ్రహాం డార్బీకి దక్కింది. 1787లో ఇనుప రేకులు బిగించి పడవ చేయించి అదే నదిలో దించాడు. ఇనుము నీళ్లలో తేలుతుందా అని నవ్వినవాళ్ల ముందు అది తేలింది. చిల్లర కరువుగా ఉన్న ఆ రోజుల్లో కూలీలకు ఇవ్వడానికి రాగి బిళ్లలు కొట్టించాడు. వాటి మీద రాజు బొమ్మ ఉండవలసిన చోట తన బొమ్మే వేయించుకున్నాడు! చెల్లెలి భర్త జోసెఫ్ ప్రీస్ట్‌లీ, ప్రాణవాయువును కనుగొన్న శాస్త్రవేత్తే. 1791లో అల్లరిమూక ఆయన ఇల్లు తగలబెట్టినప్పుడు బావమరిది డబ్బుతో ఆదుకున్నాడు. ఇది ఆయన మంచి వైపు.

రెండో వైపూ ఉంది, దాచను. వాట్ ఇంజను వాడేవారు పాత ఇంజనుతో పోలిస్తే మిగిలిన బొగ్గు ఖర్చులో మూడో వంతు బోల్టన్, వాట్‌లకు కట్టాలి. విల్కిన్సన్ ఒక వైపు వారికి సిలిండర్లు అమ్ముతూనే, ఇంకో వైపు వారికి చెప్పకుండా అవే ఇంజనులు తయారుచేసి, ఆ సొమ్ము ఎగ్గొట్టాడు. ఇది బయటపెట్టినవాడు ఎవరనుకున్నారు? సొంత తమ్ముడు విలియం. ఫ్రాన్సులో ఫిరంగుల కార్ఖానాలు పెట్టించి పేరు తెచ్చుకున్న మనిషి. బెర్షమ్ లాభాల దగ్గర అన్నదమ్ములకు చెడింది. పగతో వెళ్లి అన్న గుట్టు వాట్ గారికి చెప్పేశాడు. జాన్ డబ్బు కట్టుకోవలసి వచ్చింది. బెర్షమ్ వేలానికి వచ్చింది, దాన్ని జానే పాడుకున్నాడు. బోల్టన్, వాట్‌లు మాత్రం ఆయనను నమ్ముకోవడం మాని, 1790ల నడుమ సోహోలో సొంత ఫౌండ్రీ, సొంత బోరింగ్ మిల్లు పెట్టుకున్నారు. ఇరవై ఏళ్ల సంబంధం అలా తెగింది. తమ చేత్తో చేసిన పనిలో తమకు వాటా తక్కువ వస్తోందని ఆయనకు అనిపించి ఉండవచ్చు. అయినా ఇచ్చిన మాట తప్పడం తప్పడమే.

ముసలితనంలో ఇనుము మీద మోజు ఇంకా ముదిరింది. జనం ఇనుప పిచ్చి విల్కిన్సన్ అని పేరు పెట్టేశారు. బ్రాడ్లీ ప్రార్థనా మందిరానికి ఇనుప వేదిక పోయించాడు. తన కోసం ఇనుప శవపేటిక చేయించి ఇంట్లో పెట్టుకున్నాడు. అదనంగా మరికొన్ని చేయించి, వచ్చిన అతిథులకు ఇస్తానని అనేవాడట. వచ్చినవాళ్లు ఏమనేవారో ఊహించుకోవచ్చు. డెబ్బై దాటాక ఇంట్లో పనిచేసే మేరీ ఆన్ లూయిస్ అనే ఆమె ద్వారా ముగ్గురు పిల్లలు కలిగారు. 1808 జులై 14న ఎనభయ్యో ఏట ఆయన పోయాక ఆస్తి ఆ పిల్లలకా, మేనల్లుడికా అని కోర్టులో ఏళ్ల తరబడి దావా నడిచింది. అంత సంపదా వకీళ్ల ఖర్చులకూ వడ్డీలకూ కరిగిపోయింది. ఆ కార్ఖానాలు కోలుకోలేదు.

పేటిక కథ కూడా విచిత్రమే. కాసిల్‌హెడ్‌లోని తన తోటలో పాతిపెట్టాలని ఆయన కోరిక. తీరా చూస్తే, లోపలి పేటికతో సహా ఆయన ఆ ఇనుప పేటికలో పట్టలేదు. జీవితమంతా కొలతలతో బతికిన మనిషికి ఆఖరి కొలత తప్పింది. పెద్దది పోతపోసి తెచ్చేదాకా తాత్కాలికంగా పాతారు. తెచ్చాక రాతి నేలలో గొయ్యి లోతు చాలక మళ్లీ తవ్వారు. 1828లో ఆ ఎస్టేటు అమ్ముడుపోయినప్పుడు అక్కడి నుంచి తీసి, పక్కనే ఉన్న లిండేల్ చర్చికి తరలించారు. ఆయన కోసం పోసిన ఎత్తయిన ఇనుప స్తంభం ఆ ఊళ్లోనే నిలిపారు.

ఆయన కూలీలు మాత్రం ఆయన చనిపోయాడంటే ఒప్పుకోలేదు. ఏడేళ్లకు తన బూడిదరంగు గుర్రం మీద కార్ఖానా చూసుకోవడానికి తిరిగి వస్తాడని బ్రాడ్లీ చుట్టుపక్కల చెప్పుకున్నారు. 1815లో ఆ రోజు వేల మంది అక్కడ గుమిగూడి, సాయంత్రం దాకా దారి చూశారట.