మగపులి గొంతుతో ఆఖరి వేట

కుమావున్ కొండల్లో నరభక్షక మృగాలను వేటాడి ప్రసిద్ధుడైన జిమ్ కార్బెట్‌కు తుపాకీతో సమానంగా అక్కరకు వచ్చిన సాధనం ఆయన గొంతు.

1875 జూలై 25న నైనిటాల్‌లో జన్మించిన కార్బెట్ తండ్రి ఆ పట్టణంలో పోస్టుమాస్టరు. బాలుడికి ఊహ తెలిసే వయసులోనే తండ్రి కన్నుమూశాడు. శీతకాలంలో ఆ కుటుంబం కొండ దిగువన కాలాఢుంగీ గ్రామానికి తరలివచ్చేది. ఆయన అసలు చదువు అక్కడి అడవిలోనే సాగింది. ఏ పిట్ట ఏ సమయంలో ఎందుకు కూస్తుందో, పులిని చూసిన జింక ఎలా అరుస్తుందో చెవికి పట్టించుకుని, ఆ కూతలన్నీ తన గొంతులో పలికించడం నేర్చుకున్నాడు. అనంతరం మొకామా ఘాట్‌లో రెండు దశాబ్దాలకు పైగా రైల్వే సరుకుల రవాణా పని చూశాడు. 1907లో చంపావత్ ఆడపులిని, 1926లో రుద్రప్రయాగ చిరుతను మట్టుబెట్టడంతో ఆయన పేరు దేశమంతటా మారుమోగింది.

అయితే ఆ గొంతుకు అసలు పరీక్ష 1938లో ఎదురైంది. నేపాల్ సరిహద్దున శారదా నది సమీపంలోని థాక్ గ్రామంలో ఒక ఆడపులి మనుషులను చంపడం మొదలుపెట్టింది. భయంతో జనం ఊరు ఖాళీ చేశారు. అప్పటికి కార్బెట్ వయసు 63 ఏళ్లు. నరభక్షకాల వేటలో ఇదే చివరిదని ఆయన ముందే నిశ్చయించుకున్నాడు. మంచెపై రాత్రులు కాపు కాసినా పులి చిక్కలేదు. తిరుగు ప్రయాణానికి పెట్టుకున్న గడువు నవంబరు 30తో ముగియనున్నది.

ఆ సాయంత్రం దూరాన ఆడపులి అరుపు వినిపించింది. అది జోడు కోసం పిలిచే కాలం. కార్బెట్ మగపులి గొంతుతో బదులిచ్చాడు. అది మళ్లీ పలికింది, ఈసారి మరికొంత దగ్గరగా. ఇటువంటి పిలుపులో ఉన్న చిక్కు ఇదే: మృగం నేరుగా పిలిచినవాడి వద్దకే వస్తుంది, ఏ పొద చాటు నుంచి వస్తుందో మాత్రం తెలియదు. పైగా పొద్దు గుంకుతోంది. మంచె లేదు. వెంట నలుగురు మనుషులు, రెండు మేకలు. వారిని ఒక బండ వెనుక కూర్చోబెట్టి, కాలు నిలిచేంత ఇరుకైన అంచుపై తాను రైఫిల్ ఆనించి వేచి ఉన్నాడు. చూపు ఆనడం కష్టమయ్యే వేళకు పులి కనిపించింది. పేల్చిన అదురుకు ఆయన వెనక్కి తూలి ఆ మనుషులు, మేకల మీదనే పడ్డాడు. పులి మాత్రం లేవలేదు.

దాని ఒంటిపై పాత తుపాకీ గాయాలు కనిపించాయి. అంతకు ముందెవరో కాల్చి వదిలేయడంతో ఆ గాయాలలో ఒకటి చీము పట్టింది. అందువల్లనే అది మనుషుల జోలికి వచ్చిందని ఆయన గ్రహించాడు. ఆకలిని కాదు, జోడు కోరికను ఎరగా వేసి దానిని రప్పించిన వైనాన్ని సైతం ఆయన తన రచనలో దాచలేదు.

తుపాకీ కంటే సినిమా కెమెరాతో పులులను పట్టుకోవడమే ఆయనకు ప్రీతిపాత్రమైన వ్యాపకం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బర్మాకు వెళ్లే సైనికులకు అడవిలో మెలిగే తీరు నేర్పాడు. 1947లో సోదరి మ్యాగీతో కలిసి కెన్యాకు తరలివెళ్లాడు. 1955 ఏప్రిల్ 19న అక్కడి న్యేరీలో మరణించాడు. ఆ తరువాత హిమాలయ పాదాల చెంతనున్న జాతీయ ఉద్యానానికి ఆయన పేరు పెట్టారు.