మహబూబ్ అలీ పాషా - జోడుగొట్టాల రైఫిలు

మన ప్రాంతంలో ఎవరైనా లేని గొప్పలు చెప్పుకొంటూ ఉంటే వాడొక పెద్ద తీస్‌మార్‌ఖాన్ అని నవ్వుకోవడం మనందరికీ అలవాటే. ముప్ఫై పులులను చంపినవాడు అని ఆ మాటకు అర్థం. ఈ బిరుదు హైదరాబాదు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ గారిదేనని చాలామంది చెబుతారు. అదెంతవరకు నిజమో గానీ, ఆయన వేటాడిన పులుల లెక్క మాత్రం ముప్ఫైకి పైమాటే. కనీసం 33 అని చరిత్రకారులు రాశారు.

నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న సిర్గాపూర్, నారాయణఖేడ్ గ్రామాలు ఒకప్పుడు నిజాం రాజ్యంలో బీదరు జిల్లాలోనివి. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు నారాయణఖేడ్ తాలూకా మెదక్ జిల్లాలో కలిసింది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. కనుక ఈ ప్రభువు కథ మనకు పరాయిది కాదు. మన తాతముత్తాతలు ఆయన ప్రజలు. ఆయన చేతిలోని తుపాకి వంటివి ఆ కాలపు దేశ్‌ముఖుల, జాగీర్దారుల ఇళ్లలో కూడా ఉండేవి. ఈనాటికీ కొన్ని ఇళ్లలో అవి గోడకో, పెట్టెలోనో ఉన్నాయి. అందుకే ఆయన జీవితంతో పాటు ఆ తుపాకి సంగతి కూడా కొంచెం చెప్పుకుందాం.

పసివయసులో పట్టాభిషేకం

మహబూబ్ అలీ 1866 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. తండ్రి అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా 1869 ఫిబ్రవరిలో మరణించేనాటికి ఈ బాలుడికి రెండున్నర ఏళ్లు. పసివాడిని గద్దె మీద కూర్చోబెట్టి, దివాను మొదటి సాలార్‌జంగ్, పాయిగా అమీరు షంషుల్ ఉమ్రా రాజ్యభారం వహించారు. నిజాముల వంశంలో ఇంగ్లీషు చదువు చదివిన మొదటి ప్రభువు ఈయనే. ఉర్దూ, పారశీకాలతో పాటు తెలుగు కూడా మాట్లాడేవారని చెబుతారు. చదువుతో పాటు గుర్రపు స్వారీ, పోలో, తుపాకి గురి నేర్పించారు. వీటిలో ఆయన మనసు ఎక్కువగా లాగింది తుపాకి వైపే.

1883లో సాలార్‌జంగ్ కలరా సోకి మరణించారు. మరుసటి ఏడు 1884 ఫిబ్రవరి 5న వైస్రాయి లార్డ్ రిప్పన్ స్వయంగా హైదరాబాదు వచ్చి, పద్ధెనిమిదేళ్లు నిండని యువకుడికి పూర్తి అధికారాలు అప్పగించారు.

తుపాకి కూడా ఆయనతోనే ఎదిగింది

విచిత్రమేమంటే జోడుగొట్టాల రైఫిలు చరిత్ర, ఈ ప్రభువు జీవితం దాదాపు ఒకేకాలంలో నడిచాయి. మన పెద్దలు దునాలి అన్నది ఎక్కువగా రవ్వలు వేసి కొట్టే తుపాకిని. దాని గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రైఫిలు గొట్టంలో మాత్రం మెలికలు తిరిగిన గాడులుంటాయి. తూటా ఆ గాడుల వెంట గిర్రున తిరుగుతూ బయటికి వస్తుంది కాబట్టి దారి తప్పదు. అటువంటి గొట్టాలు రెండింటిని పక్కపక్కనే అతికి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క మీట పెడితే అది జోడుగొట్టాల రైఫిలు.

లండనులో పర్డీ అనే తుపాకుల కంపెనీ 1856లో వేగంగా పోయే తేలిక తూటాతో ఒక రైఫిలు చేసి, దానికి ఎక్స్‌ప్రెస్ రైలు పేరు పెట్టింది. అప్పటినుంచి ఆ జాతి రైఫిళ్లకు ఎక్స్‌ప్రెస్ అన్న పేరు స్థిరపడింది. మహబూబ్ అలీ తుపాకి పట్టే వయసు వచ్చేసరికి రాజులు, దొరలు వాడేవి అవే. జింకలకు సాధారణంగా .450 కొలత, పులికి .500 లేదా .577 వాడేవారు. వాటిలో పాతకాలపు నల్లటి తుపాకిమందు వాడేవారు. ఒక్కసారి పేలిస్తే ముందంతా తెల్లటి పొగ కమ్మేది. తగిలిందో లేదో చూడాలంటే పక్కకు వంగాలి. 1889లో పొగరాని కార్డైటు మందు వచ్చింది. 1898లో రిగ్బీ కంపెనీ ఆ మందుతో .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తయారు చేసింది. అప్పటికి ప్రభువు వయసు ముప్ఫై రెండు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే, తిరుగుబాటుదారులు సైన్యపు మార్టినీ తుపాకుల్లో వాడుకుంటారన్న భయంతో బ్రిటిషు ఇండియా ప్రభుత్వం .450 కొలతను ప్రైవేటు వారికి నిషేధించింది. తుపాకుల కంపెనీలు వెంటనే .465, .470 వంటి కొత్త కొలతలు తీసుకొచ్చాయి.

ఈ రైఫిలు తయారీలో అన్నింటికన్నా కష్టమైనది రెండు గొట్టాల గురి కలపడం. కార్మికుడు తుపాకి పేల్చి చూసి, తూటాలు దూరంగా పడితే అతుకు కరిగించి, గొట్టాలను వెంట్రుకవాసి జరిపి, మళ్లీ అతికి, మళ్లీ పేల్చాలి. రెండు తూటాలు ఒకచోట పడేదాకా ఇదే పని. అది కూడా ఒకే రకం మందుకు, ఒకే బరువు తూటాకు కుదిరిన గురి. మందు మారిస్తే గొట్టాలు చెరో దారి పడతాయి. అందుకే వాటి ధర సామాన్యుడికి అందేది కాదు. లండను కంపెనీలకు మన దేశపు సంస్థానాధీశులే పెద్ద ఖాతాదారులు.

షికారు

నిజాం షికారుకు వెళ్లాడంటే ఒక ఊరు కదిలినట్లే. ఏనుగులు, గుడారాలు, వంటవాళ్లు, హాకా కొట్టే వందలమంది పల్లె జనం. రైలుమార్గం 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు, 1889 నాటికి వరంగల్లు మీదుగా బెజవాడకు చేరడంతో పాకాల వైపు అడవులు దగ్గరయ్యాయి. వేటలో ఆయన వెంట ఉండేది సేనానాయకుడు అఫ్సరుల్ ముల్క్. ఫోటోలు తీసేది ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్. చచ్చిన పులుల పక్కన, చేత రైఫిలుతో నిలబడిన సన్నటి మనిషి రూపం ఆ ఫోటోల వల్లనే మనకు తెలుసు. గాలిలోకి ఎగరేసిన నాణేన్ని కొట్టేవారని కూడా జనం చెప్పుకొనేవారు.

పులివేట అడవిలో, జింకవేట మైదానంలో. హైదరాబాదు చుట్టుపక్కల బయళ్లలో కృష్ణజింకలు మందలు మందలుగా తిరిగేవి. మన పల్లెల్లో మగదాన్ని ఇర్రి అంటారు. అతిథులు వస్తే శిక్షణ ఇచ్చిన చీతాను బండి మీద తీసుకెళ్లి, కళ్లగంతలు విప్పి, ఇర్రి మీదికి వదిలి వినోదం చూపేవారు. తుపాకితో కొట్టేవారు మాత్రం ఎద్దులబండి చాటున నెమ్మదిగా దగ్గరికి పోవాలి. ఇర్రి చూపు చాలా చురుకు. పాత రైఫిలుకు దుర్భిణి ఉండదు, నూరు గజాలు దాటితే నమ్మకం తక్కువ. ఉన్నవి రెండే తూటాలు. మొదటిది తప్పితే రెండోది ఆదుకోవాలి. రెండూ తప్పితే మంద కనుమరుగు. గాయపడి పారిపోయిన జంతువును సాయంత్రం దాకా వెతికైనా ముగించాలన్నది మంచి షికారీలు పాటించిన నియమం. ఓపిక పట్టడం, దగ్గరికి వెళ్లడం, నమ్మకం లేకుంటే మీట నొక్కకపోవడం ఆ తుపాకి నేర్పే పాఠాలు.

గురి తప్పిన చోటు

ఇంతటి గురికాడు దర్బారు వ్యవహారాల్లో చాలాసార్లు ఓడిపోయారు. దివానులు మారుతూ వచ్చారు, ఖజానా కరువులో పడింది. 1891లో ఒక వజ్రం బేరం కోర్టుకెక్కి పరువు పోయింది. 1902లో వైస్రాయి కర్జన్ హైదరాబాదు వచ్చారు. వరంగల్లు జిల్లా నెక్కొండ దగ్గర ఆయన పులివేట ఆడారు, ఫోటో దిగారు. అదే ఏడు బేరారు ప్రాంతం ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా ఇంగ్లీషు వారి చేతికి పోయింది. అడవిలో పులికి జంకని మనిషి వైస్రాయి ముందు తలవంచవలసి వచ్చింది.

మంచి పనులు లేకపోలేదు. క్లోరోఫారం మత్తుమందు భద్రతను తేల్చడానికి 1888లో, 1889లో హైదరాబాదులో జరిగిన పరిశోధనలకు ఆయన ప్రభుత్వం అండగా నిలిచింది. ప్రపంచమంతటి వైద్యులు ఆ ఫలితాల మీద చర్చించారు.

మూసీ వరద

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు తర్వాత వచ్చిన ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చాలాకాలం అందరికీ తెలిసిన గుర్తు. ప్రభువు తన రాజభవనాల తలుపులు తెరిపించి నిరాశ్రయులకు చోటిచ్చారు, అన్నం పెట్టించారు. పురోహితుల మాట విని మూసీకి పసుపు కుంకుమలతో హారతి ఇచ్చారని హిందువులు నేటికీ చెప్పుకొంటారు. 1909లో విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి వరద నివారణకు ప్రణాళిక వేయించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ప్రణాళిక ఫలితాలే. కానీ అవి పూర్తయ్యేదాకా ఆయన బతకలేదు. 1911 ఆగస్టు 29న, నలభై అయిదేళ్ల వయసులో, ఫలక్‌నుమాలో కన్నుమూశారు. మక్కా మసీదులో ఆయన సమాధి ఉంది. పాము కరిచినవారు ఆయన పేరు తలచుకుంటే విషం దిగుతుందన్న నమ్మకం పల్లెల్లో చాలాకాలం నిలిచింది.

ఇప్పుడు జింక, ఇప్పుడు తుపాకి

ఆయన కాలంలో అడవికి, జింకకు అంతం లేదనుకున్నారు. ఆ అంచనా తప్పింది. వేటకు పనికొచ్చిన చీతా మన దేశంలో పూర్తిగా నశించిందని 1952లో ప్రకటించారు. 2022లో ఆఫ్రికా నుంచి మళ్లీ తెచ్చి మధ్యప్రదేశ్‌లో వదలవలసి వచ్చింది. నిజాముల వేటస్థలమైన పోచారం 1952లో అభయారణ్యం అయింది. హైదరాబాదు అంచున వనస్థలిపురం వద్ద ఒకప్పటి వేటబయలు 1975లో కృష్ణజింకల రక్షణ కేంద్రంగా మారి, 1994లో జాతీయ ఉద్యానవనమైంది. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు జింకనే రాష్ట్ర జంతువుగా ఎంచుకున్నారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. చేలో పడి కంది, శనగ మేసినా రైతు తుపాకి ఎత్తడానికి వీల్లేదు. రైతు బాధ నిజమే. దానికి అటవీశాఖకు దరఖాస్తు పెట్టుకోవాలి తప్ప తూటా దారి కాదు.

ఇక పాత తుపాకి ఉన్న కుటుంబాలకు ఒక మాట. పేల్చగలిగే తుపాకి ఎంత పాతదైనా 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు ఉండాలి. మరమ్మతు చేసినా పేలని పురాతన వస్తువుకే మినహాయింపు ఉంది. 2019 సవరణ తర్వాత సాధారణంగా ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. లైసెన్సు ఉన్న పెద్దాయన కాలం చేస్తే, తుపాకిని ఆలస్యం చేయక పోలీసు ఠాణాలో గాని, లైసెన్సు ఉన్న డీలరు వద్ద గాని జమ చేసి, వారసులు తమ పేర దరఖాస్తు పెట్టుకోవాలి. తాతగారి జ్ఞాపకమని అటక మీద దాచుకుంటే మనుమలకు కేసు మిగులుతుంది. నల్లమందు కాలపు రైఫిలులో నేటి బలమైన తూటా వేసి సరదాకు పేల్చడం మరీ ప్రమాదం. గొట్టం చీలి చెయ్యి పోవచ్చు, కన్ను పోవచ్చు. తుడిచి, నూనె పూసి, లైసెన్సుతో భద్రంగా ఉంచుకుంటే అది చరిత్ర.

మహబూబ్ అలీ పాషా ఎన్ని పులులను, ఎన్ని జింకలను కొట్టారో ఈనాడు పుస్తకాలు చూస్తే తప్ప ఎవరికీ గుర్తులేదు. మూసీ వరదనాడు తలుపులు తెరిచిన సంగతి మాత్రం చదువురాని వాళ్లు కూడా చెబుతారు. ప్రభువుకైనా, ఫైలు మీద సంతకం పెట్టిన మనబోటి ఉద్యోగికైనా, అధికారం చేతిలో ఉన్నప్పుడు ఎవరిని కాపాడామన్నదే చివరికి జనం నోట నిలుస్తుంది. మన పిల్లలకు ఆయన కథ చెప్పేటప్పుడు ఈ రెండో భాగం మరవకుండా చెబుదాం.