హొరేస్ మాన్

హొరేస్ మాన్ (మే 4, 1796 - ఆగష్టు 2, 1859) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన విద్యాసంస్కర్త, న్యాయవాది, రాజకీయవేత్త. మసాచుసెట్స్ రాష్ట్ర విద్యా బోర్డుకు మొదటి కార్యదర్శిగా 1837 నుండి 1848 వరకు పనిచేశాడు. పన్నులతో నడిచి, ధనిక పేద తేడా లేకుండా పిల్లలందరికీ తెరిచి ఉండే సామాన్య పాఠశాలలకు ఈయన చేసిన సేవ ప్రసిద్ధమైనది. పిల్లలకు చదవడం ఎలా నేర్పాలి, దానికి రాష్ట్ర ప్రభుత్వం ఏ విధంగా తోడ్పడాలి అనే ప్రశ్నలను ప్రభుత్వ నివేదికలలో చర్చకు తెచ్చిన తొలితరం అధికారులలో ఈయన ఒకడు.

బాల్యము

హొరేస్ మాన్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రాంక్లిన్ అనే ఊరిలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. తండ్రి థామస్ మాన్ 1809లో క్షయవ్యాధితో మరణించాడు. మరుసటి సంవత్సరం అన్న స్టీఫెన్ ఒక ఆదివారం నాడు ఈతకు వెళ్ళి మునిగి చనిపోయాడు. అంత్యక్రియల సమయంలో ఊరి మతబోధకుడు నథానియల్ ఎమ్మన్స్ ఓదార్పుకు బదులు పాపులకు పడే శిక్షను గురించి బోధించడం బాలుడైన మాన్ మనసును గాయపరచింది. తరువాతి కాలంలో ఆయన ఆ కఠినమైన కాల్వినిస్టు మతానికి దూరమై యూనిటేరియన్ భావాలవైపు మొగ్గాడు.

ఇంటిల్లిపాదీ టోపీల తయారీకి గడ్డి అల్లుతూ పొలం పనులు చేస్తూ ఉండడం వలన మాన్‌కు పదేళ్ళ నుండి ఇరవయ్యేళ్ళ వయసు వరకు సంవత్సరానికి ఆరు వారాలకు మించి బడికి వెళ్ళే అవకాశం కలుగలేదు. ఊరిలో ఉన్న చిన్న గ్రంథాలయమే ఆయనకు అసలైన బడి అయ్యింది. ఆ ఊరికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు పెట్టినప్పుడు ఊరివారు చర్చికి ఒక గంట కావాలని ఆశించగా, ఫ్రాంక్లిన్ గంటకు బదులుగా పుస్తకాలు పంపించాడు. ఆ పుస్తకాలను చదివి పెరిగిన మాన్, ప్రతి బడికీ ఒక గ్రంథాలయం ఉండాలని పెద్దయిన తరువాత పట్టుబట్టడానికి ఈ అనుభవం ఒక కారణమని చెప్పవచ్చు.

విద్యాభ్యాసము, న్యాయవాద వృత్తి

శామ్యూల్ బారెట్ అనే ఉపాధ్యాయుని వద్ద కొద్దినెలలు లాటిన్, గ్రీకు నేర్చుకొని 1816లో ప్రావిడెన్స్ నగరంలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో నేరుగా రెండవ సంవత్సరం తరగతిలో చేరాడు. 1819లో తన తరగతిలో ప్రథముడిగా పట్టభద్రుడయ్యాడు. కొంతకాలం అక్కడే లాటిన్, గ్రీకు బోధించి, ఆపై కనెక్టికట్ రాష్ట్రంలోని లిచ్‌ఫీల్డ్ న్యాయ పాఠశాలలో చదివాడు. 1823లో న్యాయవాదిగా నమోదై డెడమ్ పట్టణంలో వృత్తి ప్రారంభించాడు.

1827 నుండి 1833 వరకు మసాచుసెట్స్ ప్రతినిధుల సభలోను, 1835 నుండి 1837 వరకు సెనేటులోను సభ్యుడిగా ఉన్నాడు. చివరి సంవత్సరాలలో సెనేటుకు అధ్యక్షత వహించాడు. మానసిక రోగులను జైళ్ళలో ఉంచే పద్ధతిని మాన్పించి, వారికోసం వూస్టర్‌లో ప్రభుత్వ వైద్యశాల నెలకొల్పడంలో ముఖ్యపాత్ర వహించాడు.

1830లో బ్రౌన్ విశ్వవిద్యాలయ మాజీ అధ్యక్షుని కుమార్తె షార్లట్ మెస్సర్‌ను వివాహమాడాడు. రెండేళ్ళకే, 1832 ఆగష్టు 1న, ఆమె మరణించింది. ఈ దుఃఖం నుండి మాన్ చాలాకాలం తేరుకోలేకపోయాడు.

విద్యా బోర్డు కార్యదర్శిగా

ఆ రోజులలో మసాచుసెట్స్‌లో బడులు లేకపోలేదు. కాని ప్రతి ఊరూ చిన్న చిన్న పాఠశాల డిస్ట్రిక్టులుగా విడిపోయి, ఎవరి బడిని వారే తమకు తోచినట్లు నడిపేవారు. ఉపాధ్యాయులకు శిక్షణ లేదు. పిల్లలు తమ ఇంట్లో ఉన్న ఏదో ఒక పుస్తకం తెచ్చుకోవడం వలన ఒకే తరగతిలో పలురకాల వాచకాలు ఉండేవి. కలిగినవారు తమ పిల్లలను ప్రైవేటు అకాడమీలకు పంపేవారు.

జేమ్స్ కార్టర్ అనే శాసనసభ్యుడు, మరికొందరు చేసిన కృషి ఫలితంగా 1837 ఏప్రిల్ 20న గవర్నరు ఎడ్వర్డ్ ఎవరెట్ రాష్ట్ర విద్యా బోర్డును ఏర్పరచే చట్టంపై సంతకం చేశాడు. అదే సంవత్సరం జూన్‌లో మాన్ బోర్డు కార్యదర్శి పదవిని స్వీకరించాడు. జీతం సంవత్సరానికి 1500 డాలర్లు మాత్రమే. లాభసాటి న్యాయవాద వృత్తిని, ఉజ్జ్వలమైన రాజకీయ భవిష్యత్తును వదులుకొని ఈ పదవిలో చేరడం చాలామందిని ఆశ్చర్యపరచింది.

బోర్డుకు ఏ ఊరినీ ఆజ్ఞాపించే అధికారం లేదు. సమాచారం సేకరించడం, శాసనసభకు నివేదిక ఇవ్వడం, ప్రజలకు నచ్చజెప్పడం మాత్రమే దాని విధులు. మాన్ ఈ పరిమితమైన అధికారాన్నే సాధనంగా మలచుకున్నాడు. గుర్రంపై రాష్ట్రమంతా తిరిగి, వందలాది బడులను చూసి, ప్రతి కౌంటీలో సభలు జరిపాడు. ప్రతి సంవత్సరం ఒకటి చొప్పున 12 వార్షిక నివేదికలు రచించాడు. 1838లో ది కామన్ స్కూల్ జర్నల్ అనే పత్రికను ప్రారంభించాడు. రాష్ట్ర పాఠశాల నిధి నుండి సహాయం పొందాలంటే ఊరు తన వివరాలను పంపవలసి ఉండడం, పిల్లల సంఖ్యను బట్టి నిర్ణీత మొత్తం పన్నుగా వసూలు చేయవలసి ఉండడం ఆయనకు ఉపకరించాయి. ఏ ఊరు ఒక్కో బాలునిపై ఎంత ఖర్చు చేస్తున్నదో వరుసక్రమంలో ప్రకటించడంతో వెనుకబడిన ఊళ్ళు సిగ్గుపడి ఖర్చు పెంచాయి. సంవత్సరంలో కనీసం ఆరు నెలలు బడి నడవాలని 1839లో చట్టం వచ్చింది.

పఠన బోధనపై రెండవ నివేదిక

మాన్ 1838లో సమర్పించిన రెండవ నివేదికలో ప్రధానాంశం పిల్లలకు చదవడం, వర్ణక్రమం నేర్పే పద్ధతి. ఆయన ఊళ్ళలోని పాఠశాల కమిటీలకు ప్రశ్నలు పంపి, వచ్చిన జవాబులను కూడగట్టాడు. చదివే తరగతులలోని పిల్లలలో 12వ వంతు తప్ప మిగిలిన వారికి తాము చదివే మాటల అర్థం తెలియదని ఆ జవాబుల ఆధారంగా తేల్చాడు. పిల్లలు పుటలకు పుటలు గడగడా చదువుతున్నారు, కాని రచయిత చెప్పదలచుకున్న భావం వారి మనసుకు చేరడం లేదు. ఉచ్చారణ శుద్ధంగా ఉంటే చదువు వచ్చినట్లేనని ఉపాధ్యాయులూ, తల్లిదండ్రులూ నమ్ముతున్నారని ఆయన గుర్తించాడు.

దీనికి కారణాలు కూడా చూపాడు. వాచకాలలో పెద్దల ప్రసంగాలు, పిల్లల అనుభవానికి అందని విషయాలు నిండి ఉండేవి. అర్థం అడిగే అలవాటు బడిలో లేదు. తెలియకుండా చదివిన పిల్లవాడు తెలియలేదన్న సంగతిని కూడా గుర్తించలేని స్థితికి వస్తాడని, ఓటర్లే పాలకులయ్యే దేశంలో ఇది చిన్న లోపం కాదని వాదించాడు.

గ్రంథాలయాలు

1839 నాటి మూడవ నివేదికలో గ్రంథాలయాల కొరతను వివరించాడు. రాష్ట్రంలోని పుస్తకాలు ఎక్కువగా పట్టణాలలోని చందాదారుల సంఘాల వద్ద ఉండేవి. పల్లె పిల్లలకు అవి అందుబాటులో లేవు. చదవడం నేర్పి పుస్తకం ఇవ్వకపోతే నేర్పిన శ్రమ వృథా అని ఆయన అభిప్రాయం. పాఠశాల డిస్ట్రిక్టులు పుస్తకాలకై పన్ను వేసుకోవడానికి 1837లోనే అనుమతి లభించినా చాలా కొద్ది ఊళ్ళు వినియోగించుకున్నాయి. 1842లో శాసనసభ, తానుగా 15 డాలర్లు కూర్చుకున్న ప్రతి డిస్ట్రిక్టుకూ మరో 15 డాలర్లు పుస్తకాల కోసం ఇవ్వడానికి అంగీకరించింది. దీనితో గ్రంథాలయాల సంఖ్య బాగా పెరిగింది.

ఉపాధ్యాయ శిక్షణ

మంచి ఉపాధ్యాయుడు లేనిదే మంచి బడి ఉండదన్నది మాన్ నమ్మకం. ఎడ్మండ్ డ్వైట్ అనే వ్యాపారి 10,000 డాలర్లు విరాళమివ్వగా, రాష్ట్రం అంతే మొత్తాన్ని జతచేసింది. ఈ ధనంతో 1839 జులై 3న లెక్సింగ్టన్‌లో అమెరికాలోని మొదటి ప్రభుత్వ నార్మల్ స్కూలు (ఉపాధ్యాయ శిక్షణా పాఠశాల) ప్రారంభమైంది. మొదటి రోజున వచ్చినవారు ముగ్గురు యువతులు మాత్రమే. సైరస్ పియర్స్ దానికి ప్రధానోపాధ్యాయుడు. అదే ఏడు బారేలో, 1840లో బ్రిడ్జ్‌వాటర్‌లో మరో రెండు ప్రారంభమయ్యాయి. లెక్సింగ్టన్ పాఠశాల తరువాత వేరే ఊళ్ళకు మారి, నేటి ఫ్రామింగ్‌హామ్ స్టేట్ యూనివర్సిటీ అయింది.

1840లో ఖర్చు దండగ అనే వాదనతో, ప్రష్యా తరహా కేంద్రీకరణ అనే ఆరోపణతో బోర్డును, నార్మల్ స్కూళ్ళను రద్దు చేయాలని శాసనసభలో ప్రయత్నం జరిగింది. అది వీగిపోయింది.

బోస్టన్ ఉపాధ్యాయులతో వివాదం

మాన్ 1843లో మేరీ పీబాడీని వివాహమాడి, ఆమెతో కలిసి యూరపు పర్యటించి అక్కడి బడులను పరిశీలించాడు. ఆ అనుభవాలతో రాసిన ఏడవ నివేదికలో ప్రష్యా ఉపాధ్యాయులను ప్రశంసించాడు. వారు కొట్టకుండా, పుస్తకం చూడకుండా పాఠం చెప్పగలరని రాశాడు. ఇది తమను కించపరచడమేనని భావించిన 31 మంది బోస్టన్ ప్రధానోపాధ్యాయులు 1844లో ఒక సుదీర్ఘమైన ఖండన గ్రంథం ప్రచురించారు. మాన్ బదులిచ్చాడు. వాదప్రతివాదాలు 1845 వరకు సాగాయి.

ఈ వివాదంలో ఒక ముఖ్యభాగం చదవడం నేర్పే పద్ధతికి సంబంధించినది. ఇంగ్లీషులో అక్షరం పేరు వేరు, దాని ధ్వని వేరు. సి, ఏ, టి అని ఎన్నిసార్లు పలికినా క్యాట్ అనే మాట రాదు. ఒకే అక్షరానికి పలు ధ్వనులుంటాయి. అందువలన అర్థంలేని అక్షరాలతో నెలల తరబడి పసివారిని విసిగించే బదులు, వారికి తెలిసిన మాటలను మొత్తంగా చూపి నేర్పి, అక్షరాలను తరువాత నేర్పాలని మాన్ వాదించాడు. బధిరుల ఉపాధ్యాయుడు థామస్ గాలోడెట్ అంతకుముందే ఇటువంటి వాచకాన్ని రూపొందించాడు. మాటలను చూపుతో గుర్తుపట్టిన పిల్లవాడు కొత్త మాట ఎదురైతే నిలిచిపోతాడని, అక్షరాలు మాటలోని ధ్వనులకు గుర్తులు గనుక వాటిని ముందుగా నేర్పక తప్పదని బోస్టన్ ఉపాధ్యాయులు సమాధానమిచ్చారు. వారి పక్షాన ఈ భాగాన్ని రాసినవాడు శామ్యూల్ గ్రీన్.

విశేషమేమంటే, మాన్ ప్రష్యాలో మెచ్చుకున్న పాఠాలలో ఉపాధ్యాయులు అక్షరాల పేర్లను విడిచి వాటి ధ్వనులనే నేర్పేవారు. ఈ మధ్యేమార్గం ఆనాటి వాదనల వేడిలో వెనుకబడిపోయింది. 2000లో అమెరికా జాతీయ పఠన సమితి ప్రకటించిన నివేదిక, అక్షరాలకూ ధ్వనులకూ గల సంబంధాన్ని క్రమపద్ధతిలో నేర్పడం ప్రారంభ దశలో మేలు చేస్తుందని పరిశోధనల ఆధారంగా తెలిపింది. ఈ విషయంలో ఉపాధ్యాయుల వాదనే ఎక్కువగా నిలబడిందని చెప్పవచ్చు. అయితే అర్థగ్రహణ లేని చదువు చదువు కాదన్న మాన్ అభిప్రాయాన్ని కూడా అదే నివేదిక బలపరచింది.

మాన్ మిత్రుడు శామ్యూల్ గ్రిడ్లీ హోవ్ తదితరులు 1845లో బోస్టన్ గ్రామర్ స్కూళ్ళ విద్యార్థులకు ముద్రిత ప్రశ్నలతో వ్రాత పరీక్ష జరిపారు. అంతవరకు మౌఖిక పరీక్షలే వాడుకలో ఉండేవి. ఫలితాలు నిరాశాజనకంగా ఉండి, ఉపాధ్యాయులపై విమర్శకు దారితీశాయి. పరీక్ష ఫలితాలతో బడిని కొలిచే పద్ధతికి అమెరికాలో ఇది ప్రారంభంగా భావిస్తారు.

మతవిషయిక విమర్శలు

బడిలో బైబిలును వ్యాఖ్యానం లేకుండా చదవాలని, ఏ ఒక్క శాఖ సిద్ధాంతాలనూ బోధించరాదని మాన్ అభిప్రాయపడ్డాడు. సనాతన ప్రొటెస్టెంట్లు దీనిని దైవరహిత విద్య అని నిందించారు. మరోవైపు, చదివించే బైబిలు ప్రొటెస్టెంట్ల అనువాదం కావడంతో కాథలిక్కులు అభ్యంతరం చెప్పారు. అందరికీ ఉమ్మడి అని ఆయన భావించిన బడి అందరికీ ఉమ్మడిగా కనిపించలేదు.

చివరి జీవితము

1848లో జాన్ క్విన్సీ ఆడమ్స్ మరణంతో ఖాళీ అయిన స్థానం నుండి అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికై 1853 వరకు సభ్యుడిగా ఉన్నాడు. బానిసత్వాన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. పెర్ల్ అనే ఓడలో బానిసలను తప్పించబోయి పట్టుబడిన డ్రేటన్, సేర్స్ అనేవారి తరపున న్యాయస్థానంలో వాదించాడు. 1852లో ఫ్రీ సాయిల్ పార్టీ తరపున మసాచుసెట్స్ గవర్నరు పదవికి పోటీచేసి ఓడిపోయాడు.

1853లో ఒహాయో రాష్ట్రంలోని ఆంటియోక్ కళాశాలకు మొదటి అధ్యక్షుడయ్యాడు. అక్కడ స్త్రీ పురుషులు కలిసి చదివేవారు. మాన్ మేనకోడలు రెబెకా పెన్నెల్ పురుషులతో సమాన హోదాలో ఆచార్యురాలిగా పనిచేసింది. కళాశాల అప్పులలో కూరుకుపోయి 1859లో వేలానికి వచ్చింది. మిత్రుల సహాయంతో దానిని నిలబెట్టిన కొద్దివారాలకే, ఆగష్టు 2న, మాన్ మరణించాడు. ఆయనను ప్రావిడెన్స్‌లో మొదటి భార్య సమాధి ప్రక్కన ఖననం చేశారు.

ప్రభావము

మాన్ పదవి వీడిన నాలుగేళ్ళకు, 1852లో, మసాచుసెట్స్ అమెరికాలోనే మొదటి నిర్బంధ హాజరు చట్టం చేసింది. భార్య మేరీ 1865లో ఆయన జీవితచరిత్రను ప్రచురించింది. అదే సంవత్సరం బోస్టన్‌లోని రాష్ట్ర శాసనసభా భవనం ముందు ఎమ్మా స్టెబిన్స్ చెక్కిన ఆయన విగ్రహాన్ని ప్రతిష్ఠించారు. 1940లో అమెరికా తపాలాశాఖ ఆయన చిత్రంతో ఒక సెంటు తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మాన్ కాలంలో బోర్డు సలహా మాత్రమే ఇవ్వగలిగేది. 1993 నాటి విద్యా సంస్కరణ చట్టం తరువాత మసాచుసెట్స్ ప్రభుత్వం ప్రతి తరగతిలో విద్యార్థి ఇంగ్లీషు భాషలో ఏమి నేర్చుకోవాలో నిర్ణయించే ప్రమాణాలను రూపొందించింది. వాటిని 2001, 2011, 2017 సంవత్సరాలలో సవరించింది. 1998లో రాష్ట్రవ్యాప్త పరీక్షలు మొదలయ్యాయి. ఆ పరీక్షలో ఉత్తీర్ణత హైస్కూలు పట్టాకు తప్పనిసరి కానవసరం లేదని 2024 నవంబరులో రాష్ట్ర ఓటర్లు తీర్పు చెప్పారు. పిల్లలు చదివినది వారికి అర్థమవుతున్నదా, దానిని తెలుసుకోవడానికి రాష్ట్రం ఎంతవరకు జోక్యం చేసుకోవాలి అన్న ప్రశ్నలు మాన్ రెండవ నివేదిక నాటినుండి అక్కడ చర్చలో ఉన్నాయి.