పదునైదు నిమిషములకని వెళ్లిన వైద్యుడు

పఠనభాగము: యాకోబు 5:13-16

త్రాగుడు మూలమున కన్నీరు కార్చిన కుటుంబములు మన గ్రామములలో అనేకములున్నవి. సంఘములో అట్టి సహోదరుడున్నయెడల బుద్ధి చెప్పుదుము, గద్దించుదుము, ప్రార్థించుదుము. కడపట విసుగుచెంది విడిచిపెట్టుదుము. ఈ మాసము మేము అమెరికా దేశములోని ఆక్రన్ పట్టణ వైద్యుడగు రాబర్టు స్మిత్తు జీవితమును చదువరుల ముందుంచుచున్నాము. లోకము ఆయనను డాక్టరు బాబ్ అని యెరుగును.

ఆయన 1879 ఆగస్టు 8న వెర్మాంటు రాష్ట్రములో భక్తిగల యింట జన్మించెను. వారమునకు పలుమారులు ఆరాధనకు బలవంతముగా పంపుటచేత, పెద్దవాడైన పిమ్మట దేవాలయపు గడప త్రొక్కరాదని బాల్యముననే నిశ్చయించుకొనెను. కళాశాలలో త్రాగుడు మరిగెను. అయినను వైద్యవిద్య ముగించి, ఆక్రన్‌లో శస్త్రవైద్యుడాయెను. 1915లో ఆన్ అను సాధ్వీమణిని వివాహమాడెను.

పగలు చేతుల వణుకు ఆగుటకు మందులు మ్రింగుట, రాత్రి త్రాగుట, ఇదే ఆయన దినచర్య. సీసాలను బొగ్గుల తొట్టిలోను, ద్వారబంధముల మీదను, నేలమాళిగ సందులలోను దాచెడివాడు. అప్పులు పెరిగెను, స్నేహితులు తగ్గిరి.

1933 ప్రాంతమున భార్యాభర్తలు ఆక్స్‌ఫర్డు గ్రూపు అను క్రైస్తవ సహవాసములో చేరిరి. ఆయన రెండున్నర సంవత్సరములు కూటములకు వెళ్లెను, వేదము చదివెను, ప్రార్థించెను. కాని త్రాగుడు మానలేదు. ఇచ్చట మనము కొంచెము నిలువవలెను. ఆయనకు బోధ కొరత లేదు, ప్రార్థన కొరత లేదు. తన వేదన నెరిగినవాడొకడు కొరతయాయెను.

1935 మే నెలలో న్యూయార్కునుండి బిల్ విల్సన్ అను వ్యాపారి ఆక్రన్ వచ్చెను. అతడును ఘోరమైన త్రాగుబోతే. మానివేసి అయిదు నెలలైనది. వచ్చిన పని చెడిపోయెను. హోటలులో ఒంటరిగా నిలిచియుండగా సారాయి గదిలోని నవ్వులు వినవచ్చెను. తాను నిలువవలెనన్న మరియొక త్రాగుబోతుతో మాటలాడవలెనని అతనికి తోచెను. అచ్చటనున్న సంఘముల పట్టికలోని యొక పాదిరిగారికి టెలిఫోను చేసెను. ఆ పాదిరిగారి మూలముగా హెన్రియెట్టా సైబర్లింగ్ అను సహోదరి తెలిసెను. డాక్టరు బాబ్ కొరకు ప్రార్థించుచుండిన వారిలో ఆమె యొకరు.

మే 12, ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు ఆమె యింట వారిద్దరు కలిసికొనిరి. పదునైదు నిమిషములు మాత్రమే యుందునని భార్యతో చెప్పి వెళ్లిన డాక్టరు ఆరు గంటలకు పైగా కూర్చుండెను. వచ్చినవాడు ప్రసంగింపలేదు, నిందింపలేదు. తాను పడిన దుర్దశ మాత్రమే చెప్పుకొనెను. తన కథనే పరుని నోట వినుచున్నట్లు డాక్టరుకు తోచెను.

అయినను ఆయన ఒక్కసారి పడిపోయెను. కొలది వారములలో వైద్యుల మహాసభకు వెళ్లి, తప్పత్రాగి తిరిగివచ్చెను. బిల్ ఆయనను విడిచిపెట్టలేదు. 1935 జూన్ 10న శస్త్రచికిత్స చేయవలసియుండగా, వణకు చేతులు నిలుచుటకు కొంచెము బీరు ఇచ్చెను. అదే డాక్టరు కడపటి త్రాగుడు. ఆ పని ముగించి, ఆయన పట్టణములో తాను బాధపెట్టినవారి యొద్దకు పోయి తప్పు ఒప్పుకొనెను. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసమునకు ఆ దినమే ఆరంభమని యెంచుదురు.

తరువాత వారిద్దరు ఆసుపత్రిలో పడియున్న మూడవవానిని వెదకి వెళ్లిరి. స్మిత్తుగారి యిల్లు అట్టివారికి ఆశ్రయమాయెను. ఆన్‌గారు ఉదయమున వేదము చదివెడివారు. కొండమీది ప్రసంగము, 1 కొరింథీయులకు 13వ అధ్యాయము, యాకోబు పత్రిక వారికి మిక్కిలి ప్రియములు. 1950 నవంబరు 16న మరణించువరకు ఆయన అయిదువేలమందికి పైగా త్రాగుడు రోగులకు రుసుము లేక సేవచేసెను.

నేడు అట్టి సమావేశములు హైదరాబాదు మొదలగు మన పట్టణములలోను జరుగుచున్నవి. త్రాగుడు మానవలెనను కోరికయే ప్రవేశార్హత. రుసుము లేదు, ఇంటిపేరు అడుగరు, ఏ మతస్థుడైనను రావచ్చును. ఒకరి తరువాత ఒకరు తమ సంగతి చెప్పుకొందురు. మాటలాడ నిష్టములేనివాడు ఊరక వినవచ్చును. జీవితమంతటికి ఒట్టు పెట్టుకొనరు. నేటికి మాత్రము త్రాగకుందుమని నిలుతురు. అయితే బహుకాలము మిక్కుటముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును గనుక ముందుగా వైద్యుని చూపవలెను.

ప్రియులారా, తప్పిదములను ఒకరియెదుట ఒకరు ఒప్పుకొని, ఒకరికొరకొకరు ప్రార్థింపవలెనని యాకోబు బోధించుచున్నాడు. మన మందిరములో త్రాగుబోతు నోరువిప్పుటకు చోటున్నదా? వాడు నోరువిప్పినయెడల ఆ మాట మరునాడు బావియొద్ద వినబడకుండునా? మీ గ్రామములో మానివేసి నిలిచిన సహోదరుడొకడున్నయెడల, ఈ వారమే అతనిని పడియున్నవాని యింటికి తోడ్కొనిపొండు. పదునైదు నిమిషములకనియే వెళ్లుడు. మిగిలిన గడియలు ప్రభువు చేతిలో నున్నవి.