గంట కొట్టు బొమ్మ

పాతబస్తీలో, మూసీనది దక్షిణపు గట్టున నున్న సాలార్‌జంగు ప్రదర్శనశాలలో, గంట గంటకును జనము గుమిగూడుట మన మెరిగినదే. ఇంగ్లాండులో తయారైన పెద్ద గడియార మొకటి అచట గలదు. అందు కమ్మరి బొమ్మ సెకనుకొక సుత్తిదెబ్బ వేయుచుండును. గంట కావచ్చునప్పటికి గడ్డపు మనిషి బొమ్మ వెలికివచ్చి, ఎన్ని గంటలైనదో అన్ని దెబ్బలు కొట్టి లోని కేగును. పిల్లలు లెక్కపెట్టుదురు, పెద్దలు రెప్ప వాల్పక చూతురు. కృత్రిమ మేధ యను మాట ఎల్లరి నోటను వినవచ్చుచున్న ఈ తరుణమున, ఆ గడియారమును మనకు విడిచిపోయినవారి చరిత్రము స్మరింపదగినదని మా తలంపు.

మూడవ సాలార్‌జంగు, నవాబు మీర్ యూసుఫ్ అలీఖానుగారు 1889 జూన్ 13వ తేదీన జన్మించిరి. నెల తిరుగక మునుపే తండ్రి గతించిరి. తాతగారైన మొదటి సాలార్‌జంగు దివానుగిరిలో పేరెన్నిక గన్నవారు. 1912లో ఏడవ నిజాము యూసుఫ్ అలీఖానుగారిని దివానుగా నియమించిరి. అప్పటికి వారికి ఇరువది మూడేండ్లు. 1914లోనే ఆ పదవిని విడిచిరి. పిమ్మట జీవితాంతము తమ రాబడిని కళావస్తువులకును, గ్రంథములకును వెచ్చించిరి. ఆ రాబడి జాగీరు రైతుల చెమట యని మాత్రము మరువరాదు. వారు వివాహమాడలేదు. 1949 మార్చి 2వ తేదీన కాలధర్మము నొందిరి.

సంతానము లేని వారి సొత్తు చెల్లాచెదరు కాలేదు. 1951 డిసెంబరు 16వ తేదీన దివాను దేవిడీలో జవహర్‌లాల్ నెహ్రూ ప్రదర్శనశాలను తెరచిరి. 1961లో పార్లమెంటు చట్టము దానిని జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా నొనర్చెను. 1968లో అది నేటి భవనమునకు మారెను.

ఇక మాట సంగతి. తమంతట కదలు బొమ్మలను, యంత్రములను పాశ్చాత్యులు ఆటోమేటా యనిరి. నవాబుగారు గతించిన ఆరేండ్లకు, 1955లో, అమెరికాలో జాన్ మెకార్తీ, మార్విన్ మిన్‌స్కీ, నథేనియల్ రాచెస్టర్, క్లాడ్ షానన్ అను నలుగురు, మరుసటి వేసవిలో డార్ట్‌మత్ కళాశాలయందు జరుపదలచిన పరిశోధనకు ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అను క్రొత్తపేరు పెట్టిరి. నేర్చుట, భాష వాడుట మొదలగు బుద్ధివ్యాపారములను నిశితముగ వర్ణింపగలిగినచో, యంత్రముచే వానిని చేయింపవచ్చునని వారి ఊహ.

కృత్రిమమనగా చేయబడినది, వాడుకలో బూటకమను అర్థమును గలదు. రెండర్థముల నడుమనే నేటి తగవంతయు నున్నది. గడ్డపు బొమ్మ పన్నెండు కొట్టును గాని పన్నెండన నేమో యెరుగదు. చక్రములు నడపిన త్రోవనే నడచును. నేటి యంత్రము కోట్లకొలది మానవవాక్యములనుండి వాని పోకడలను గ్రహించి, ఎవ్వరును ముందుగా వ్రాసి పెట్టని జవాబు నిచ్చును. అది ఎరుకయా, ఎరుకవలె కనబడునదియా యను వాదము తెగలేదు. ఆ మేధకు ముడిసరుకు జనుల మాటలే యనుటలో మాత్రము వాదము లేదు.

రైతుల చెమట సొమ్ముతో కూడిన వస్తువులు ఒకనాడు దేవిడీ గోడల నడుమ నుండెను, నేడవి ప్రజలవి. ప్రజల మాటలతో పెరిగిన మేధ కొలది కంపెనీల గోడల నడుమ నుండుట న్యాయమా? అందు మన తెలుగు మాటలును గలవు. నవాబుగారి సొత్తు జాతిపరమగుటకు వారి మరణమును, పిదప పార్లమెంటు చట్టమును కావలసివచ్చెను. ఈ సొత్తు విషయమున మన శాసనకర్తలు ఇప్పుడే మేల్కొనవలెను. గంట కొట్టునప్పుడు వింతచూచుటకు గుమిగూడువారముగా మాత్రమే మనము మిగిలిపోరాదు.